పోలీసు లేని చట్టం నేర్పిన పాఠాలు

లా కాలేజీలో అంతర్జాతీయ న్యాయం చెబుతూనే నా ఉద్యోగ జీవితం గడిచిపోయింది. ఈ పేపరు ఎంచుకునేవాళ్లు ఎప్పుడూ తక్కువే. వచ్చిన ఆ కొద్దిమందీ మొదటి వారంలోనే అడిగేవారు, "యుద్ధాన్ని ఆపలేనిది చట్టం ఎలా అవుతుంది మాస్టారూ?" అని. ఆ ప్రశ్నకు నా జవాబు వయసుతోపాటు మారుతూ వచ్చింది. ఇప్పుడు నేను నమ్ముతున్నది, ఈ దారిలోకి వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను.

1. దండించేవాడు లేకపోయినా చట్టం ఉంటుంది.

చట్టమంటే సార్వభౌముడి ఆజ్ఞ, దాని వెనుక శిక్ష భయం ఉండాలి అని ఆంగ్ల న్యాయతత్వవేత్త జాన్ ఆస్టిన్ 1832లో రాశాడు. ఆ కొలతతో చూస్తే రాజ్యాల మధ్య నియమాలు ఆయనకు చట్టంగా కాక నీతిగానే కనిపించాయి. చాలా ఏళ్లు నేను కూడా ఆస్టిన్‌తోనే పాఠం మొదలుపెట్టాను. అనుమానం ముందు నాటి, తర్వాత ఏడాదంతా దాన్ని పీకే పనిలో పడేవాణ్ని. శిక్ష లేనంత మాత్రాన బాధ్యత లేదనలేమని మరో ఆంగ్ల న్యాయతత్వవేత్త హార్ట్ 1961లోనే వివరించాడు. తప్పిన రాజ్యాన్ని మిగతావి నిలదీస్తున్నాయంటే, అక్కడ నియమం ఉందనే అర్థం.

ఇప్పుడైతే తపాలాతో మొదలుపెడతాను. 1874లో బెర్న్‌లో దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం వల్ల, ఇక్కడ అంటించిన బిళ్లతో ఉత్తరం పరాయి దేశంలో గడప దాకా చేరింది. 1944 నాటి షికాగో ఒప్పందం పునాదిగానే, హైదరాబాద్‌లో విమానమెక్కిన పిల్ల ఎన్నో దేశాల గగనతలం దాటి డల్లాస్‌లో దిగుతోంది. నిలబడిన నియమం వార్త కాదు, విరిగిన నియమమే వార్త. మనం ఆ వార్తలు మాత్రమే చదివి తీర్పు చెబుతాం.

2. తప్పు చేసినవాడు చెప్పుకునే కారణాన్ని శ్రద్ధగా వినండి.

నికరాగ్వా రేవుల్లో మందుపాతరలు పెట్టిన వ్యవహారంలో, తిరుగుబాటుదారులకు ఆయుధాలిచ్చిన వ్యవహారంలో, అంతర్జాతీయ న్యాయస్థానం 1986లో అమెరికాకు వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. అమెరికా అప్పటికే విచారణ నుంచి తప్పుకుంది, తర్వాత భద్రతా మండలిలో వీటో వాడింది. ఆ రోజుల్లో ఈ తీర్పును చిత్తుకాగితంగా తీసిపారేసినవారిలో నేనూ ఉన్నాను. దాన్ని మళ్లీ నిదానంగా చదవడానికి నాకు చాలా కాలం పట్టింది. అందులో ఒక గొప్ప ఆలోచన ఉంది: ఒక రాజ్యం నియమాన్ని మీరుతూనే, తాను చేసింది మినహాయింపు కిందికి వస్తుందని వాదిస్తే, ఆ వాదన నియమాన్ని బలపరుస్తుందే తప్ప బలహీనపరచదు. బలవంతుడు "నా ఇష్టం" అని ఊరుకోకుండా "ఆత్మరక్షణ" అంటున్నాడంటే, ఒక గీత ఉందని ఒప్పుకుంటున్నట్టే. ఆ గీత దగ్గర అతన్ని నిలబెట్టి ప్రశ్నించడం మన పని.

3. ఈ శాస్త్రానికి యూరప్ బయట కూడా పూర్వులున్నారు.

సముద్రం అందరిదీ అనే సిద్ధాంతం 1609లో డచ్ న్యాయవేత్త గ్రోషియస్ పుస్తకంతో మొదలైందని నాకు చెప్పారు. నేనూ అలాగే చెప్పాను. ఆ పుస్తకం ఒక వకీలు వాదన అన్న సంగతి మాత్రం చెప్పలేదు. 1603లో డచ్చివారు సింగపూర్ దగ్గర ఒక పోర్చుగీసు ఓడను పట్టుకుంటే, డచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున దాన్ని సమర్థించే పనిలోంచి పుట్టిన రచన అది. మద్రాసు విశ్వవిద్యాలయంలో బోధించిన అలెగ్జాండ్రోవిచ్ ఈ కథను తిరగరాయడానికి ప్రయత్నించాడు. ఆసియా రేవుల ఆచారాలు యూరప్ న్యాయవేత్తల ఆలోచనకు సరుకు ఇచ్చాయని వాదిస్తూ 1967లో పుస్తకం వేశాడు.

అది చదివాక నాకు మోటుపల్లి గుర్తొచ్చింది. కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం సముద్ర వ్యాపారులను ఉద్దేశించినది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు. తాను అలా చేయనని, ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటానని ఆయన రాతిమీద రాయించాడు. ఎవరూ బలవంతం చేయకుండానే ఒక పాలకుడు తన అధికారానికి హద్దు గీసుకుని, పరదేశులకు దాన్ని మాటగా ఇచ్చాడు. ఒక రాజు శాసనం అంతర్జాతీయ న్యాయం ఎలా అవుతుందని అడగవచ్చు, అడగాలి కూడా. కానీ ఆచారం ఇలాంటి మాటల్లోంచే గట్టిపడుతుంది. బాపట్ల తీరాన ఉన్న ఆ రాయిని తెలుగు విద్యార్థులకు పాఠంగా చెప్పకుండా ఇన్నేళ్లు గడిపాను. ఆ బాధ నాకింకా తీరలేదు.

4. ఓడిన కేసులో దేశం స్వభావం బయటపడుతుంది.

బంగాళాఖాతంలో భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య సరిహద్దు తగవు మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్‌కు వెళ్లింది. 2014 జూలైలో తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,400కు పైగా బంగ్లాదేశ్‌కు దక్కాయి. పెద్ద దేశమైన మనం ఆ తీర్పును ఒప్పుకున్నాం. రెండేళ్లకు దక్షిణ చైనా సముద్రంపై ఫిలిప్పీన్స్ గెలిచిన తీర్పును చైనా తోసిపుచ్చింది. నా దేశం గురించి నేను గర్వంగా చెప్పుకునే విషయాల్లో 2014 నాటి ఆ అంగీకారం ఒకటి.

5. బయటి న్యాయం మన పొలం గట్టు దాకా వస్తుంది.

రియో గ్రాండే నీటి గొడవలో, తన భూమిమీద పారే నీటిని ఎంతైనా వాడుకునే హక్కు ఎగువ దేశానికి ఉందని అమెరికా అటార్నీ జనరల్ హార్మన్ 1895లో అభిప్రాయం ఇచ్చాడు. అదే అమెరికా 1906లో ఏటా 60,000 ఎకరా అడుగుల నీళ్లు మెక్సికోకు ఇస్తానని ఒప్పందం చేసుకుంది. హార్మన్ వాదాన్ని మన నదీజలాల ట్రైబ్యునళ్లు ఒప్పుకోలేదు, న్యాయమైన పంపిణీ సూత్రాన్నే పట్టుకున్నాయి. కృష్ణలో 2,060 టీఎంసీలను లెక్కించి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800, కర్ణాటకకు 700, మహారాష్ట్రకు 560 చొప్పున బచావత్ ట్రైబ్యునల్ పంచిన వెనుక ఆ ఆలోచనే ఉంది. ఎగువ, దిగువ అంటూ ఆవేశపడే ముందు ఈ చరిత్ర చదవండి.

6. నియమం తనంతట తాను నడిచి వెళ్లదు, ఎవరో మోసుకెళ్లాలి.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒప్పందంలో 73వ అధికరణం ఉంది. తీరదేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో పరాయి పడవ చేపలు పట్టి దొరికితే, తగిన పూచీకత్తు తీసుకుని పడవనూ మనుషులనూ త్వరగా వదలాలి. దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే జైలుశిక్ష వేయకూడదు. భారత్, పాకిస్తాన్ రెండూ ఈ ఒప్పందంలో ఉన్నాయి. హాంబర్గ్‌లోని సముద్ర న్యాయ ట్రైబ్యునల్‌కు మన తెలుగువాడు పాటిబండ్ల చంద్రశేఖరరావు అధ్యక్షుడిగా ఉన్న కాలంలోనే, 2000లో, ఫ్రాన్స్ పట్టుకున్న పనామా జెండా ఓడను, దాని కెప్టెన్‌ను పూచీకత్తుపై వదలమని తీర్పు వచ్చింది.

నేను ఆ తీర్పును సముద్రం కనిపించే తరగతి గదిలోనే చెప్పాను. అదే తీరానికి ఉత్తరాన ఉన్న శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ పడవల మీద పనికి వెళ్తారు. 2018 నవంబరులో వాళ్లలో కొందరిని పాకిస్తాన్ పట్టుకుంది. ఇరవై మంది వాఘా దాటి ఇంటిదారి పట్టేసరికి 2020 జనవరి వచ్చింది. మీరు మా జలాల్లోకి వచ్చారని ఆ దేశం అంటుంది. రెండు దేశాల మధ్య ఉన్న సర్‌క్రీక్ పాయ దగ్గర సరిహద్దే తేలలేదు కాబట్టి, ఆ నీళ్లు ఎవరివన్నదే తగవు. పైగా హాంబర్గ్‌కు పోవాలంటే పడవ దేశమే పోవాలి లేదా అనుమతివ్వాలి. ఆ పల్లెలకు ఒక్కసారైనా వెళ్లి ఇవన్నీ విడమరిచి చెప్పాలన్న ఆలోచన నాకు ఉద్యోగంలో ఉండగా రాలేదు.

మీకు రావాలి. 2008లో రెండు దేశాలూ కాన్సులర్ ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటారు. శిక్ష పూర్తయి, జాతీయత రుజువైన నెలలోపు మనిషిని పంపించాలి. జాతీయత రుజువయ్యేదాకా ఆ నెల లెక్క మొదలే కాదు. కాబట్టి మీలో ఎవరైనా ఆ ఊళ్లకు వెళ్తే ముందు ఒక పని చేయించండి: వేరావల్ వెళ్లే ప్రతివాడి గుర్తింపు కార్డు నకలు, పడవ నంబరు, యజమాని చిరునామా ఇంట్లో భద్రంగా ఉండేలా చూడండి. ఒప్పందం గురించి ఆ తర్వాత చెప్పవచ్చు.