కెరటం మీద నిలబడాలంటే: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: చెన్నై ఓఎమ్మార్‌లో ఉద్యోగం, సొంతూరు కావలి. సర్ఫింగ్ నేర్చుకోవాలని ఉంది. మెరీనాలో నేర్పేవాళ్ళు ఉంటారా? లేకపోతే నగరానికి దగ్గరలో ఎక్కడికి వెళ్ళాలి?
— పాఠకుడు, చెన్నై

జవాబు: మెరీనా నడవడానికి, సుండల్ తినడానికి మంచి చోటు. దిగడానికి కాదు. అక్కడ ఒడ్డు దాటిన కొద్ది అడుగులకే లోతు దిగిపోతుంది. కెరటం దూరంగా విరిగి మెల్లగా రాకుండా ఒడ్డు మీదే పెళ్ళున పడుతుంది. అక్కడ స్నానాలను పోలీసులు నిషేధించింది కూడా ఊరికే కాదు. అలాంటి చోట పలకతో దిగిన కొత్తవాడికి పాఠం కాదు, దెబ్బలు మిగులుతాయి.

నేర్చుకోవడానికి పనికొచ్చే తీరానికి మూడు లక్షణాలుండాలి. అడుగున రాళ్ళు కాక ఇసుక ఉండాలి. నేల వాలు తక్కువై, నడుము లోతు నీళ్ళు చాలా దూరం దాకా సాగాలి. కెరటం ఒక పక్క నుంచి మరో పక్కకు క్రమంగా విరగాలి తప్ప, పొడవునా ఒక్కసారి కూలకూడదు. కెరటం తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతుకు వచ్చేసరికి విరుగుతుంది. అందుకే సముద్రం అడుగున ఇసుక మేట ఏ ఆకారంలో ఉందో పైన కెరటం ఆ తీరులో నడుస్తుంది. చోటు ఎంపిక అంటే నిజానికి అడుగు నేల ఎంపిక.

ఈ మూడు లక్షణాలూ ఉన్న తీరాలు చెన్నైకి దక్షిణంగా ఈస్ట్ కోస్ట్ రోడ్డు వెంట దొరుకుతాయి. మొదటిది కోవళం, నగరం నడిబొడ్డు నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. ఓఎమ్మార్‌లో ఉండేవారికి ఇంకా దగ్గర: కేళంబాక్కం కూడలి నుంచి ఐదారు కిలోమీటర్లే. కేరళలో తిరువనంతపురం దగ్గర ఇదే పేరుతో ఇంకో తీరం ఉంది కాబట్టి గది బుక్ చేసేటప్పుడు జాగ్రత్త అవసరం. చెన్నై కోవళం మత్స్యకారుల ఊరు. ఆ ఊరి మత్స్యకారుడు మూర్తి మేఘవన్, వ్యాపారవేత్త అరుణ్ వాసు కలిసి 2012లో పెట్టిన కోవ్‌లాంగ్ పాయింట్ బడితో ఇక్కడ సర్ఫింగ్ పాదుకుంది. మరుసటి ఏడాది నుంచి పోటీలూ మొదలయ్యాయి. వలలు లాగిన ఇళ్ళ పిల్లలే ఇప్పుడు గురువులు.

రెండోది మహాబలిపురం, చెన్నైకి 55 నుంచి 60 కిలోమీటర్లు. తీర దేవాలయం దగ్గర రాళ్ళను ఆనుకుని కెరటం విరిగే చోటు అనుభవజ్ఞులది. కొత్తవారు వేరే ఇసుక ఒడ్డున నేర్చుకోవాలి. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్ జరిగింది ఈ ఊళ్ళోనే. అందులో భారత సర్ఫర్ రమేష్ బుదిహాల్ కంచు పతకం గెలిచాడు. పోటీ జరిగిన చోటు అనగానే కొత్తవారికి ఉత్సాహం వస్తుంది గానీ, పోటీకి పనికొచ్చే కెరటం పాఠానికి పనికిరాదు.

మూడోది పుదుచ్చేరి శివార్లలోని సెరెనిటీ బీచ్. చెన్నై నుంచి 150 కిలోమీటర్లు కాబట్టి శనివారం రాత్రి అక్కడ ఉండగలిగినవారికే అది కుదురుతుంది. నేర్చుకోవడంలో లెక్కకొచ్చేది ఒక్కనాటి సరదా కాదు, వరసగా వెళ్ళిన రోజులు. ఆ లెక్కన చెన్నై ఉద్యోగికి కోవళమే మేలు.

ప్రశ్న: ఏ నెలల్లో వెళ్ళాలి? ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరితే సరిపోతుందా?
— పాఠకురాలు, తాంబరం

జవాబు: సరిపోదు. చెన్నై తీరంలో పొద్దున గాలి నెమ్మదిగానో, నేల మీంచి నీటి వైపో ఉంటుంది. అప్పుడు కెరటం నున్నగా లేస్తుంది. ఎండ ముదిరాక సముద్రపు గాలి మొదలై నీళ్ళను చిందరవందర చేస్తుంది. అందుకే పాఠాలు తెల్లవారి ఆరు, ఏడు గంటలకు పెడతారు. మధ్యాహ్న భోజనం పాఠం తరవాతి సంగతి.

నెలల విషయానికొస్తే, బంగాళాఖాతంలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చే మంచి కెరటాలు చాలావరకు ఇక్కడ పుట్టినవి కావు. భూమికి దక్షిణపు కొసన, అంటార్కిటికా చుట్టూ తిరిగే తుపాను గాలులు లేపిన పొంగు వేల కిలోమీటర్లు ప్రయాణించి, కొన్ని రోజుల తరవాత ఈ ఒడ్డుకు చేరుతుంది. దూరం నుంచి వచ్చే పొంగులో కెరటానికీ కెరటానికీ మధ్య వ్యవధి ఎక్కువ; ఎత్తు ఒకటే అయినా వ్యవధి ఎక్కువున్న కెరటానికి బలం ఎక్కువ. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం చిన్నబోతుంది. నేర్చుకునేవారికి అదే అదను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, వాయుగుండాల కాలం. ఆ నెలల్లో చాలా రోజులు బోర్డు గోడకు ఆనించి ఉంచడమే పద్ధతి. పడమటి తీరంలో, అంటే కర్ణాటకలోని ముల్కి వైపు, లెక్క తిరగబడుతుంది. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం మూతబడినట్టే.

మంచి వాన పడిన తరవాత రెండు మూడు రోజులు ఏ తీరమైనా మానుకోవాలి. కాలవలు, ముట్టుకాడు వంటి ఉప్పుటేర్లు ఊరి మురికిని మోసుకొచ్చి కలిపేది అప్పుడే. ఏటి మొగల దగ్గర నీటి లాగుడు కూడా అప్పుడే ఎక్కువ.

భారత తీరానికి కెరటాల ఎత్తు, పొంగు, గాలి ఎలా ఉండబోతాయో చెప్పే సంస్థ సముద్రమే లేని హైదరాబాదులో ఉంది. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ ప్రగతినగర్ నుంచి రోజూ ఆ సూచనలు ఇస్తుంది. మత్స్యకారులు వేటకు వెళ్ళేముందు చూసేది వాటినే. సర్ఫింగ్‌కు వెళ్ళేవారు హోటల్ రేటింగులు చూసే ముందు వాటిని చూడాలి.

ప్రశ్న: ఈత రాదు. కాలికి బోర్డు కట్టే ఉంటుంది, లైఫ్ జాకెట్ వేసుకుంటాను. ఇక భయమేముంది?
— పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఈ ఉత్తరం ఏడాదికి పదిసార్లు వస్తుంది. భయం లేకపోవడమే ఇందులో భయపడాల్సిన విషయం.

కాలికి కట్టే తాడును లీష్ అంటారు. అది బోర్డు కొట్టుకుపోయి పక్కవాడి తలకు తగలకుండా ఉండటానికి. ప్రాణానికి హామీ కాదు. లీష్ తెగుతుంది, దాని పట్టీ ఊడుతుంది. లైఫ్ జాకెట్ వేసుకుంటే బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేయడం కష్టం. మీదికొచ్చే కెరటం కింద మునిగి తప్పించుకోవడం ఇంకా కష్టం. అందుకే సర్ఫర్లు సాధారణంగా వేసుకోరు. నడుము లోతులో, గురువు బోర్డు పట్టుకుని ఉండగా, ఈత రానివారికి కూడా మొదటి పాఠం చెప్పే బడులు ఉన్నాయి. కానీ ఆ పాఠం అక్కడే ఆగిపోతుంది. నడుము లోతు దాటాలంటే ఆగకుండా 200 మీటర్లు ఈదగలగాలి, వెల్లకిలా తేలుతూ కనీసం ఐదు నిమిషాలు ఊపిరి కుదుటగా తీసుకోగలగాలి. అది ఊళ్ళోని ఈతకొలనులో రెండు మూడు నెలల పని.

తూర్పు తీరంలో మునిగిపోయేవారిలో చాలామందిని తీసుకుపోయేది లోతు కాదు, వెనక్కి లాగే పాయ. దీన్నే రిప్ కరెంట్ అంటారు. కెరటాలు ఒడ్డుకు తోసిన నీరు ఎటో ఒకవైపు తిరిగి వెళ్ళాలి. ఇసుక మేట తెగిన చోట అదంతా ఒక సన్నని దారిలో సముద్రంలోకి పరుగెత్తుతుంది. బలంగా ఉంటే దాని వేగం సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. ఈత పోటీల్లో ప్రపంచ విజేతకు కూడా దానికి ఎదురీదడం వశం కాదు. ఒడ్డున నిలబడి చూస్తే అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో ఒక జానెడు చోటు నిమ్మళంగా, కొంచెం మట్టి రంగులో కనిపిస్తుంది. నురగ ఒడ్డు వైపు కాక లోపలికి జరుగుతుంటుంది. సెలవు రోజున వచ్చిన కుటుంబం ‘ఇక్కడ అలలు తక్కువ’ అని పిల్లల్ని దింపేది సరిగ్గా ఆ చోటే.

ఆ పాయ మనిషిని కిందికి లాగదు, దూరంగా లాగుతుంది. దొరికినవారు ఒడ్డు వైపు ఈది అలిసిపోకూడదు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా ఈది, కెరటాలు విరిగే చోటుకు చేరి, వాటితోపాటు బయటికి రావాలి. అది చేతకాకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. బోర్డు ఉన్నవాడు బోర్డు వదలకూడదు.

ప్రశ్న: వయసు 46, మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. నేర్చుకోవచ్చా?
— పాఠకుడు, తిరుపతి

జవాబు: వయసు అడ్డు కాదు. మోకాలిని మాత్రం గురువుకంటే ముందు డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: ఆడవాళ్ళు ఏం వేసుకుని దిగాలి? అక్కడ ఆడవాళ్ళు నేర్చుకుంటారా?
— పాఠకురాలు, అన్నానగర్

జవాబు: నేర్చుకుంటారు, నేర్పుతారు కూడా. 2007లో మణిపాల్‌లో చదువుకుంటూ సర్ఫింగ్ మొదలుపెట్టిన ఇషితా మాలవీయ ఉడుపి దగ్గర సొంత బడి నడిపే దాకా వెళ్ళింది. దుస్తుల సంగతి ఆడ, మగ ఇద్దరికీ ఒకటే: ఒంటిని అంటిపెట్టుకునే పొడుగు చేతుల రాష్‌గార్డు, మోకాళ్ళు కప్పే బిగుతైన ప్యాంటు. ఎండ తగలకుండా, బోర్డు రాపిడికి పొట్ట చర్మం లేచిపోకుండా అవి కాస్తాయి. చున్నీ, వదులు చొక్కా, లుంగీ పనికిరావు. గొలుసు, గాజులు, మెట్టెలు, ఉంగరాలు ఇంట్లోనే తీసి రావాలి. కళ్ళజోడు ఉన్నవారు దాన్ని తల వెనక పట్టీతో కట్టుకోవాలి.

ప్రశ్న: మంచి బోర్డు ఏది కొనాలి?
— పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: ఏదీ వద్దు. మొదటి సీజన్‌కు బడివాళ్ళు ఇచ్చే ఎనిమిది, తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు చాలు. పొట్టి బోర్డు చూడ్డానికి బాగుంటుంది, మనిషిని నిలబెట్టదు.

ప్రశ్న: హైదరాబాదులో ఎక్కడైనా నేర్పుతారా? వాటర్ పార్కు కెరటాలు పనికొస్తాయా?
— పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పనికిరావు. హైదరాబాదులో నేర్చుకోవాల్సింది ఈత. దాంతోపాటు చాప మీద బోర్లా పడుకుని ఒక్క ఊపులో రెండు పాదాల మీద లేచే కసరత్తు రోజుకు యాభై సార్లు. ఈ రెండూ వచ్చాక రాత్రి రైలెక్కితే చెన్నైలో డబ్బు వృథా కాదు.

ప్రశ్న: విశాఖలో ఉంటున్నాం. ఇంటి ముందు సముద్రం పెట్టుకుని చెన్నై దాకా ఎందుకు వెళ్ళాలి?
— పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: వెళ్ళనక్కరలేదు. కాకపోతే ఇంటి ముందున్న చోటు వేరు, నేర్చుకునే చోటు వేరు. ఆర్కే బీచ్‌లో రాళ్ళూ ఉన్నాయి, వెనక్కి లాగే పాయలూ ఉన్నాయి. అక్కడ పోయిన ప్రాణాల వార్తలు విశాఖవాసులకు కొత్త కాదు. రుషికొండ వైపు ఇసుక ఒడ్డు నయం. అక్కడ నేర్పేవారు ఉన్నారు. ఏ రోజు దిగవచ్చో, ఏ మూల దిగవచ్చో వారిని అడగాలి, జాలరిపేట పెద్దలనూ అడగాలి. పడవలు ఒడ్డెక్కే చోట, అలివి వల లాగుతున్న చోట బోర్డుతో దిగకూడదు. సముద్రం అందరిదీ అయినా, ఆ వేళ ఆ ఒడ్డు వారి కూడు.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో అన్ని బడులకూ ఐదు నక్షత్రాలే. మంచిదేదో ఎలా తెలుసుకోవాలి?
— పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: చోటు వెతికేవారు వందమంది, గురువును వెతికేవారు ఒకరు. అసలు ప్రశ్న ఇదే.

చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. నేర్పేవారికి అంతర్జాతీయ సర్ఫింగ్ సంఘం ఇచ్చే శిక్షకుడి పత్రం ఉందా. 2011లో ఏర్పడిన భారత సర్ఫింగ్ సమాఖ్యతో బడికి సంబంధం ఉందా. నీళ్ళలో ఒక గురువుకు ఎంతమంది శిష్యులు: నలుగురు దాటితే ఆ పాఠం మంద తోలడమే. మొదటి అరగంట ఇసుక మీద చెబుతారా, నేరుగా నీళ్ళలోకి తోస్తారా. ‘ఈత వచ్చా’ అని డబ్బు అడగకముందు అడిగారా, తరవాత అడిగారా.

వీటన్నిటినీ మించిన పరీక్ష ఒకటి ఉంది. ఒకరోజు ముందుగా వెళ్ళి, కోర్సు ఊసెత్తకుండా, ‘ఈ నెలలో ఎన్ని రోజులు పాఠం రద్దు చేశారు’ అని అడగాలి. ‘ఒక్కరోజూ లేదు’ అని గర్వంగా చెప్పే బడి నుంచి అప్పుడే వెనక్కి రావాలి. ఏ సముద్రమూ నెల పొడుగునా కొత్తవారికి అనుకూలంగా ఉండదు.

కెరటాన్ని చూసి దిగాలో ఆగాలో చెప్పే ఈ విద్య కొత్తదేమీ కాదు. పూరీలో జగన్నాథుడి యాత్రికుల చెయ్యి పట్టుకుని సముద్రస్నానం చేయించే నోలియాలు ఆంధ్ర తీరం నుంచి వలస వెళ్ళిన తెలుగు మత్స్యకారులే. ఏ కెరటానికి ముందుకు నడిపించాలో, ఏ కెరటానికి ఆపి పట్టుకోవాలో వారికి తెలుసు. కోవళంలో బోర్డు పట్టుకుని నిలబడే కుర్రవాడి చేతిలో ఉన్నదీ ఆ తెలివే. దాని మీదికి ఒక పలక, ఒక ధ్రువపత్రం వచ్చి చేరాయి. అతను ‘ఇవాళ వద్దు సార్’ అన్నప్పుడు, వంద కిలోమీటర్లు వచ్చామనీ సెలవు పెట్టుకున్నామనీ వాదించేవారు ఇంకా పాఠం మొదలుపెట్టనట్టే లెక్క.

ప్రశ్న: ఎన్ని రోజుల్లో వస్తుంది?
— పాఠకురాలు, సూళ్ళూరుపేట

జవాబు: విరిగిన కెరటపు నురగలో లేచి నిలబడటం రెండు మూడు పాఠాల్లో చాలామందికి వస్తుంది. విరగని కెరటాన్ని తానే ఎంచుకుని ఎక్కడానికి ఒక సీజన్ పడుతుంది. ఏ రోజు దిగకూడదో ఎవరూ చెప్పకుండా తెలియడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. అది తెలిసేదాకా పక్కన గురువు ఉండాల్సిందే.