రక్షిత వంగడం – రైతు విత్తన హక్కుకు హద్దు ఎక్కడ?

మొక్కల వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం, 2001 ప్రకారం నమోదైన వంగడం ఉత్పత్తి, విక్రయం, ఎగుమతి, దిగుమతులపై దాని రూపకర్తకు ప్రత్యేక హక్కు ఉంటుంది. దానిని లైసెన్సు ద్వారా ఇతరులకు ఇవ్వవచ్చు. గరిష్ఠ కాలపరిమితి పైర్లకు 15 సంవత్సరాలు, వృక్షాలకు, తీగజాతులకు 18.

అయితే 39వ సెక్షన్ రైతుకు విస్తృతమైన మినహాయింపునిచ్చింది. రక్షిత వంగడపు విత్తనమైనా రైతు దాచుకోవచ్చు, తిరిగి విత్తవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. నిషేధం ఒక్కటే: సంచిలో నింపి, ఆ వంగడం పేరుతో చీటీ అంటించి బ్రాండు విత్తనంగా అమ్మరాదు. పొరుగు రైతుకు విడిగా కొలిచి అమ్మిన వరి విత్తనం ఈ చట్టం దృష్టిలో ఉల్లంఘన కాదు. విస్తరణ శిక్షణలలో ఈ తేడాను చెప్పవలసినంతగా చెప్పడం లేదని నా అభిప్రాయం.

చెప్పకపోతే ఏమవుతుందో గుజరాత్ అనుభవం చూపుతుంది. తన ఎఫ్.ఎల్.2027 బంగాళాదుంప వంగడాన్ని అనుమతి లేకుండా సాగుచేశారంటూ 2019లో పెప్సికో సంస్థ కొందరు రైతులపై దావా వేసి, ఒక్కొక్కరి నుండి కోటి రూపాయలకు పైగా పరిహారం కోరింది. దేశవ్యాప్తంగా నిరసన రాగా మే నెలలో ఉపసంహరించుకుంది. 2021 డిసెంబరులో వంగడాల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఆ నమోదునే రద్దు చేసింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఆ రద్దును కొట్టివేసింది. ఇదంతా నమోదు చెల్లుబాటుపై సాగిన వివాదం. రైతులు హద్దు దాటారా అన్న ప్రశ్న మాత్రం తేలనే లేదు.

రైతుకు మరి రెండు రక్షణలున్నాయి. హక్కు ఉన్నదని తెలియక చేసిన పని 42వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన కాదు. రూపకర్త ప్రకటించిన పనితీరును వంగడం చూపకపోతే ప్రాధికార సంస్థ వద్ద పరిహారం కోరవచ్చు. అందుకు కొనుగోలు రసీదు, సంచి చీటీ పంట ముగిసేవరకు భద్రపరచాలి.