పోటీ పరీక్షల ప్రత్యేకం: మన వస్తువు ఎదుటివారి చేతిలో ఉంటే?

ఇబ్రహీంపట్నం రైతు ఒకాయన క్లచ్ ప్లేటు మార్చమని ట్రాక్టర్‌ను మెకానిక్ షెడ్డులో వదిలి, తాళం చేతికిచ్చి వెళ్లాడనుకుందాం. బండి షెడ్డులో ఉన్నా సొత్తు రైతుదే. భారత కాంట్రాక్టు చట్టం, 1872 దీన్ని బెయిల్‌మెంట్ అంటుంది (సెక్షన్ 148). ఇచ్చినవారు బెయిలర్, పుచ్చుకున్నవారు బెయిలీ.

వివేకం ఉన్న మనిషి సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో బెయిలీ అలా చూసుకోవాలి (151). పని అయ్యాక అడగకపోయినా తిరిగివ్వాలి (160). తన తప్పుతో ఆలస్యమైతే ఆపై నష్టం తనదే (161).

అభ్యర్థులు తడబడేది లీన్ (బాకీ తీరేదాకా వస్తువును ఆపుకునే హక్కు) దగ్గరే. ఆ రిపేరు కూలి ముట్టేదాకా మెకానిక్ బండిని ఆపుకోవచ్చు (170). పాత చేబదులు బాకీ పేరు చెప్పి ఆపడం కుదరదు. అలా ఆపే జనరల్ లీన్ (171) బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు, వార్ఫింజర్లు, హైకోర్టు అటార్నీలు, పాలసీ బ్రోకర్లకే ఉంది. ఇతరులకు స్పష్టమైన ఒప్పందం ఉండాలి. ఈ ఐదుగురి జాబితా కంఠతా పట్టాల్సిందే.

తాకట్టు కూడా బెయిల్‌మెంటే. తాకట్టు బంగారం అమ్మాలంటే ముందు తగిన నోటీసివ్వాలి (176). అమ్మేలోపు విడిపించుకునే హక్కు తాకట్టు పెట్టినవారికి ఉంది (177).

వాలే పార్కింగ్‌కు ఇచ్చిన కారు పోతే, ‘బాధ్యత యజమానిదే’ అన్న చీటీ చూపి హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని తాజ్‌మహల్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు 2019లో తేల్చింది.

నమ్మి అప్పగించిన సొత్తును దురుద్దేశంతో సొంతానికి వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద నేరం. సివిల్ దావాకు గడువు 3 ఏళ్లు. లెక్క మొదలయ్యేది వస్తువు ఇచ్చిన రోజున కాదు, అడిగితే ఇవ్వనన్న రోజున (లిమిటేషన్ చట్టం, 1963, ఆర్టికల్ 70).