గృహమునందును కృషియందును ఆవిరి యుపయోగము

అనకాపల్లి ప్రాంతపు చెరకు రైతునకు ఆవిరి క్రొత్త వస్తువు కాదు. బెల్లము వండు దినములలో పెనము క్రింద చెరకుపిప్పి మండుచుండగా రసమునుండి యావిరి యెడతెగక లేచుచుండును. ఇంటియందు వాసెన కట్టిన పాత్రపై ఆవిరికుడుము ఉడుకును. రజకులు చవిటిమన్ను పట్టించిన బట్టలను ఉబ్బ వేసి మురికిని వదలించెడివారు. ఈ పనులన్నిటికిని మూలమైన సూత్ర మొక్కటియే. దాని నెరిగినచో రైతు అదే యావిరిని మరికొన్ని పనులకు వినియోగించుకొనవచ్చును.

ఒక గ్రాము నీటిని 0 డిగ్రీలనుండి 100 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచుటకు 100 కాలరీల వేడి వలయును. ఆ మరుగునీరు ఆవిరి యగుటకు ఇంకను 540 కాలరీలు కావలెను. ఆవిరి చల్లని వస్తువును తాకి మరల నీరైనప్పుడు ఆ వేడినంతయు దానికి విడిచిపెట్టును. చేయి దూరని సందులలోనికి సహితము ఆవిరి ప్రవేశించును. దాని శోధనశక్తికి ఇదియే కారణము. అది మరుగునీటికంటె తీవ్రముగా కాల్చుటకును ఇదియే కారణము.

పాలపాత్రలు: పాత్ర పైకి శుభ్రముగా కన్పట్టినను అతుకులలో నిలిచిన పాలజిడ్డునందు సూక్ష్మక్రిములు పెరిగి మరునాటి పాలను విరుగజేయును. కావున మొదట జిడ్డు పోవునట్లు తోమి కడుగవలెను. మురికిపై పట్టిన ఆవిరి నిష్ప్రయోజనము. పిమ్మట మరుగునీటి కుండపై పాత్రను బోర్లించి, ఆవిరి బాగుగా పట్టిన తరువాత పది నిమిషము లుంచవలెను. తీసిన వెనుక గుడ్డతో తుడువక, బోర్లించియే ఆరనీయవలెను.

బెల్లపు పెనములు, అచ్చులు: అంటుకొనిన బెల్లమును ఇనుపగరిటెతో గీకుట తగదు. పెనమున కొంచెము నీరు పోసి, మూతపెట్టి మరిగించినచో బెల్లము మెత్తబడి కరగిపోవును.

నల్లులు: మంచపు కీళ్లలో దాగు నల్లులును వాని గ్రుడ్లును సుమారు 55 డిగ్రీల వేడికి నశించును. అయినను ఆవిరిని త్వరత్వరగా త్రిప్పిన లాభము లేదు. ప్రతి సందునందును కొంతసేపు నిలుపవలెను. తరువాత మంచమును ఎండ వేయవలెను.

ముచ్చెలు: చెరకునందలి గడ్డిదుబ్బు తెగులు విత్తనపు ముచ్చెలద్వారా వ్యాపించును. 1913వ సంవత్సరమున అనకాపల్లిలో చెరకు పరిశోధనా కేంద్రము స్థాపింపబడినది. ఈ తెగులును అరికట్టుటకు ముచ్చెలను 52 డిగ్రీల వేడినీటిలో 30 నిమిషములుగాని, గాలితో కలిపిన ఆవిరియందు 50 డిగ్రీలవద్ద ఒక గంటగాని ఉంచుట శాస్త్రసమ్మతమైన పద్ధతి. కేవలము ఆవిరి తగిలినచో మొగ్గయే చచ్చును. వేడి హెచ్చినకొలది మేలనుట భ్రమ. ఉష్ణమాపకము లేక చేతి యందాజుతో ఈ పనికి పూనుకొనరాదు.

ఆవిరి చేయజాలని పని యొకటి కలదు. ధనుర్వాతమును కలిగించు క్రిముల బీజములు 100 డిగ్రీల యావిరికి లొంగకపోవచ్చును. వైద్యశాలలలో ఒత్తిడి గల పాత్రయందు 121 డిగ్రీలవద్ద కనీసము 15 నిమిషములు శుద్ధిచేయుదురు. ఇట్టి యంత్రమును 1879లో ఫ్రాన్సు దేశీయుడగు షాంబెర్లాన్ కల్పించెను. కావున ఇంటికుండపై ఆవిరి పట్టిన కత్తితో బొడ్డుకోయుట శిశువునకు ప్రాణాపాయకరము. ప్రసవమునకు వైద్యశాలయే శరణ్యము.

జాగ్రత్తలు: నీరు ఆవిరియైనప్పుడు సుమారు 1,600 రెట్లు వ్యాపించును. కావున పాత్ర మూతిని పిండితోగాని మట్టితోగాని బిగించి మూయరాదు. ఆవిరి పోవుటకు దారి యుండవలెను. కుక్కరు రంధ్రమును ప్రతిదినము చూచి శుభ్రపరచవలెను. మూతను తీయునప్పుడు ముఖమునకు ఎదురుగా గాక అవతలివైపునకు ఎత్తవలెను. పడిసెము పట్టిన బిడ్డలను మరుగుచున్న పాత్రపై వంచి దుప్పటి కప్పుట ప్రమాదకరము. పాత్ర ఒరిగినచో పడిసెముకంటె గొప్ప కీడు సంభవించును. ఆవిరి తగిలి కాలినయెడల ఆ చోటున వెంటనే 20 నిమిషములు చల్లనినీటిని ధారగా పోసి, వైద్యునికి చూపవలెను. సిరా, పేడ మొదలగునవి పూయరాదు.

మొదట కడుగుట, పిమ్మట ఆవిరి పట్టుట, తుదకు ఆరబెట్టుట అను మూడును క్రమముగా జరిగినచో, పొయ్యిపై కుండయొకటి మరుగు కాలములోనే ఇంటి శుభ్రత చాలవరకు నెరవేరును.