గ్రైండర్‌కు దుమ్ము కవర్ ఎలా ఎంచుకోవాలి?



ఇబ్రహీంపట్నంలో కొత్త ఇల్లు కడుతున్న ఏ వీధికి వెళ్ళినా గ్రానైట్ కోసే చప్పుడు వినిపిస్తుంది. డిగ్రీలో ఉండగా వేసవి సెలవుల్లో మేము ముగ్గురం ఆ పనికి పోయాం. గంట గడిచేసరికి ఒకరి తెల్లని కనుబొమ్మలు చూసి ఒకరం నవ్వుకున్నాం. మేస్త్రి గారు మాత్రం నవ్వలేదు. నలభై ఏళ్ళు కూడా నిండని ఆయన, ఒక అంతస్తు మెట్లెక్కితే గోడ పట్టుకొని నిలబడేవారు. అప్పటినుంచి పుస్తకాల్లో చదివి, దుకాణాల్లో అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. అంటే మన రసాయనశాస్త్రంలోని సిలికాయే. కనుబొమ్మల మీద వాలే దుమ్ముతో అంత ప్రమాదం లేదు. కంటికి కనిపించని సన్నని రేణువులు ఊపిరితిత్తుల చివరిదాకా పోయి అక్కడ మచ్చ కట్టిస్తాయి. అదే సిలికోసిస్. ఒకసారి వస్తే దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఇది అధికారులకు తెలియజేయవలసిన రోగాల జాబితాకెక్కింది. ఈ ధూళి క్యాన్సర్ కారకమని 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ తేల్చింది. మూతికి కట్టుకునే తువ్వాలు దీన్ని ఆపలేదు.

అందుకే దుమ్మును పుట్టినచోటే పట్టాలి. బ్లేడు చుట్టూ మూతలా ఉండి, పక్కన పైపు తగిలించే గొట్టం ఉన్న కవరును దుకాణాల్లో డస్ట్ ష్రౌడ్ అంటారు. ఇందులో రెండు రకాలున్నాయి. బండను కోయడానికి వాడేది బ్లేడుకు రెండు పక్కలా మూసి, కింద మాత్రమే తెరిచి ఉంటుంది. నేలను, గోడను అరగదీయడానికి వాడేది గిన్నెలా గుండ్రంగా ఉండి, అంచున బ్రష్ వెంట్రుకలుంటాయి. ఆ వెంట్రుకలు ఉపరితలాన్ని తాకుతూ ఉండాలి, లేకపోతే దుమ్ము సందులోంచి బయటికి కొడుతుంది. కాబట్టి దుకాణానికి పోయే ముందే ఏ పనికి కావాలో తేల్చుకోండి.

తర్వాత మిషన్ మెడ కొలవాలి. గార్డు బిగించే ఆ గుండ్రని మెడ ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. అన్నిటికీ సరిపోతుందని అమ్మేవాటినీ కొలవకుండా కొనకండి. ప్రాక్టికల్స్‌లో గోళీని కొలిచిన వెర్నియర్ కాలిపర్స్ ఇన్నాళ్ళకు పనికొచ్చింది! అది లేకపోతే మెడకు దారం చుట్టి, పొడవును 3.14తో భాగించండి. మేస్త్రి గారి మిషన్‌కు దారం 13.2 సెంటీమీటర్లు వచ్చింది, అంటే అడ్డుకొలత 42 మిల్లీమీటర్లు. బిగించాక, ప్లగ్గు తీసి, బ్లేడును చేత్తో తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని చూడాలి. డబ్బా కోసి సొంతంగా కవరు చేసుకుంటామనేవాళ్ళున్నారు. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే బ్లేడు పగిలితే ఆ డబ్బా ఆపదు.

అసలు మోసం ఇక్కడుంది. పీల్చే మిషన్ లేని కవరు ఉత్త డొప్ప. 2016 నాటి అమెరికా నిబంధన ప్రకారం బ్లేడు ప్రతి అంగుళానికీ నిమిషానికి 25 ఘనపుటడుగుల గాలి లాగాలి. నాలుగంగుళాల బ్లేడుకు 100, అంటే సుమారు 2,830 లీటర్లు. పెట్టె మీద వేసే అంకె ఖాళీ మిషన్‌ది. పొడుగు పైపు, దుమ్ము నిండిన ఫిల్టరు దాన్ని తగ్గిస్తాయి కనుక కొంచెం ఎక్కువ శక్తిదే తీసుకోవాలి. సన్నని ధూళిని 99 శాతం పట్టే ఫిల్టరు ఉందా అని అడగండి. మామూలు ఇంటి వాక్యూమ్ క్లీనరైతే ఆ సన్నని ధూళినే వెనకనుంచి గదిలోకి వదులుతుంది. ఇనుము అరగదీసేటప్పుడు మాత్రం దీన్ని తగిలించవద్దు, నిప్పురవ్వలు లోపలి సంచిని అంటించగలవు.

ఇవన్నీ కూలికి పోయేవాడు కొనగలిగేవి కావు. కొనాల్సింది పని చేయించేవాళ్ళే అని మా అభిప్రాయం. మేస్త్రి గారు కవరు కొన్నారు, పీల్చే మిషన్‌కు ఇంకా డబ్బు కూడలేదు. అందాకా బండలను కొలతలిచ్చి, గ్రానైట్ దుకాణంలో నీళ్ళు పారే కటింగ్ మిషన్ మీదే కోయించి తెస్తున్నారు. ఇంటి దగ్గర అంచులు సరిచేసే పని మాత్రమే మిగులుతోంది.