ప్రశ్నలు – జవాబులు: రెక్క విప్పుకోవడానికి చోటు

వానలు పడి కరివేపాకు, నిమ్మ, మునగ చిగుళ్ళు వేశాయి. చిగుళ్ళ వెంట పురుగులూ వచ్చాయి. ఈసారి ఉత్తరాల్లో కొన్ని వాటి గురించే. మిగతావి మనుషుల గురించి, కానీ అందులోనూ ఎక్కడో ఒకచోట సీతాకోకచిలుక తగులుతూనే ఉంది. అందుకని అన్నీ ఒకచోట వేస్తున్నాం.

ప్రశ్న: కుండీలో ఉన్న కరివేపాకు మొక్కకి పురుగు పట్టింది మేడమ్. మొదట పిట్ట రెట్టేమో అనుకున్నాను, చూస్తూండగానే కదిలింది! తీసి పారేద్దామంటే నాలుగో తరగతి చదివే మావాడు ఒప్పుకోవడం లేదు, సీతాకోకచిలుక అయ్యేదాకా పెంచుతానంటాడు. ఇంట్లో పురుగులేమిటని మా అత్తగారి కోపం. పోపులోకి రెబ్బ మిగిలేలా లేదు. ఏం చెయ్యను?
— ఒక తల్లి, తణుకు

జవాబు: పెంచనివ్వండమ్మా. నిమ్మ మీదా, కరివేపాకు మీదా గుడ్లు పెట్టే సీతాకోకచిలుకల పిల్ల అది. కుట్టదు, కరవదు, దాని వల్ల దురదా రాదు. అత్తగారికి ముందు ఈ మాట చెప్పండి. పిట్ట రెట్టలా కనిపించడమే చిన్నప్పుడు దానికి రక్ష, పిట్టలు చూసి కూడా వదిలేస్తాయి. నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. చివరి విడతలో ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. అప్పుడు వేలితో మెల్లగా తాకితే తల వెనక నుంచి తడి మెరుపుతో చీలిన కొమ్ములాంటిదొకటి బయటికి పొడుచుకొచ్చి, గుప్పున ఘాటు వాసన కొడుతుంది. మీవాడికి ఒక్కసారి చూపించండి. పదే పదే విసిగించవద్దు.

మొక్కకి పాత దోమతెర ముక్క కప్పండి, చాలు. ఆకు సరిపోకపోతే ఇరుగుపొరుగు ఇళ్ళ పెరటి ఆకు తెచ్చి వెయ్యండి. బజారు కరివేపాకు మాత్రం వద్దు, మందు కొట్టి ఉంటే పురుగు పూటలో చస్తుంది. రెండు మూడు వారాల తిండి అయ్యాక ఒకరోజు ఉన్నట్టుండి ఆకు ముట్టదు. నీళ్ళగా ఒక రెట్ట వేసి, చోటు వెతుక్కుంటూ తిరుగుతుంది. జబ్బు చేసిందని కంగారుపడకండి. ఒక పుల్ల చూసుకుని తోక దగ్గర పట్టు దారంతో అంటించుకుంటుంది, నడుము చుట్టూ ఇంకో దారం కట్టుకుంటుంది. ఆ ఒక్క పోగు మీద ఒరిగి, కోశంగా మారి వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. బయటికి వచ్చే ముందురోజు కోశం నల్లబడి లోపలి రెక్కల రంగులు కనబడతాయి. సాధారణంగా పొద్దున పూటే వస్తుంది, కాబట్టి బడికి అరగంట ఆలస్యమైనా ఆరోజు సర్దుకోండి.

ఒక్కోసారి కోశంలోంచి సీతాకోకచిలుక బదులు చిన్న చిన్న కందిరీగల్లాంటివి వస్తాయి. వాటి తల్లి ముందే లోపల గుడ్లు పెట్టి పోయి ఉంటుంది. అలా జరిగితే పిల్లవాడి దగ్గర దాచకండి, అదీ చూడవలసిందే.

వాడి చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చి రోజూ బొమ్మ వెయ్యమనండి. జర్మనీలో 1647లో పుట్టిన మరియా సిబిల్లా మేరియన్ పదమూడేళ్ళప్పుడు పట్టుపురుగులు పెంచుతూ ఇలాగే మొదలుపెట్టింది. ఏ పురుగు ఏ మొక్క తింటుందో ఆ మొక్కతో సహా బొమ్మ వేసేది. 1699లో కూతురిని వెంటబెట్టుకుని ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సురినాం దాకా వెళ్ళింది. 1705లో ఆమె అచ్చువేసిన పుస్తకాన్ని శాస్త్రవేత్తలు ఇప్పటికీ తెరిచి చూస్తారు. మొక్క సంగతంటారా, కరివేపాకు మళ్ళీ చిగురిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి డాక్టర్ సీటు కోసం లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇది రెండో ఏడాది. హాస్టల్లో ఉంటాడు. నెల రోజులుగా ఫోన్ చేస్తే ఏడుపే. నిద్ర పట్టడం లేదు, ఇంటికి వచ్చేస్తానంటాడు. వాట్సాప్‌లో మీరూ చూసే ఉంటారు, సీతాకోకచిలుక గూడు చీల్చుకుని రాలేక అవస్థ పడుతుంటే ఒకాయన జాలిపడి కత్తెరతో కోసి సాయం చేశాడట, దానికి జన్మలో రెక్కలు రాలేదట. అది చదివి మనసు గట్టి చేసుకున్నాను. వాడి కష్టం వాడే పడాలని చూడటానికి కూడా వెళ్ళలేదు. వాళ్ళమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నేను చేస్తున్నది సరైనదేనా?
— ఒక తండ్రి, వరంగల్

జవాబు: కాదండీ. ఈ పేజీ చదవడం అయ్యాక బస్సెక్కండి. మిగతా సంగతులు వచ్చాక చదువుకోవచ్చు. నిద్రలేదు, ఏడుస్తున్నాడు, వచ్చేస్తానంటున్నాడు అంటే పిల్లవాడు మిమ్మల్ని పిలుస్తున్నాడని అర్థం. వెళ్ళి పక్కన కూచోండి. మార్కుల ఊసు ఎత్తకండి. అవసరమైతే వెంట తీసుకుని వచ్చేయండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. వాడితో ఎలా మాట్లాడాలో తెలియక తటపటాయిస్తుంటే దారిలో మీరే ఆ నంబరుకి చేసి అడగండి.

ఇక ఆ కథ. ఎంతమంది తల్లిదండ్రుల చేతులు కట్టేసిందో ఆ కథ! నేను జంతుశాస్త్రం చెప్పుకుని బతికిన మనిషిని, అందుకే దాన్ని చూసినప్పుడల్లా నాకు మండుతుంది. సీతాకోకచిలుకలు చాలామటుకు పట్టుపురుగులా గూడు అల్లుకోవు. కోశం ఒక పలుచని పెంకు. వేళ అయినప్పుడు తల దగ్గర పగులుతుంది, లోపలిది కాళ్ళు ఊని ఒకటి రెండు నిమిషాల్లో బయటపడుతుంది. గంటల తరబడి పోరాటమేమీ ఉండదు. రెక్కల్లోకి బలం ఆ ఇరుకు కన్నంలో నలగడం వల్ల వస్తుందని కథ చెబుతుంది. అదీ నిజం కాదు. బయటికి వచ్చినప్పుడు రెక్కలు పిండి వదిలేసిన తడిగుడ్డలా ముడుచుకుని ఉంటాయి. అది ఒక పుల్లనో, తన ఖాళీ పెంకునో పట్టుకుని వేలాడుతుంది. గాలి మింగి, పొట్ట బిగించి వదులుతూ ఒంట్లో రక్తాన్ని రెక్కల ఈనెల్లోకి పంపుతుంది. ముడతలు ఒక్కొక్కటే విడిపోతాయి. ఆ తర్వాత గంటో రెండు గంటలో ఆరాలి.

మరి రెక్కలు వంకరపోయేవి లేవా అంటే ఉన్నాయి. ఎప్పుడు? పట్టుకోవడానికి గరుకు చోటు దొరకక జారి కింద పడితే. కింద రెక్క చాచేటంత ఖాళీ లేకపోతే. ముందే జబ్బు పడి ఉంటే. గాజు సీసాలో పెంచిన సీతాకోకచిలుకలు ఎక్కువగా పాడయ్యేది నున్నటి గోడల వల్లే. ముడతలు విడవక ముందే రెక్క గట్టిపడితే ఇక బాగుపడదు. కాబట్టి కత్తెర పెట్టకూడదన్న మాట వరకు సరే, వేళ కాకముందు చీలిస్తే లోపలిది ఇంకా తయారై ఉండదు. కానీ అది తొందరపడ్డవాడి తప్పు, సాయపడ్డవాడిది కాదు. 1946లో వచ్చిన కజాంజాకిస్ నవల జోర్బాలో ఇలాంటి సంఘటనే ఉంది. అక్కడ మనిషి తన ఊపిరి వెచ్చదనంతో కోశాన్ని తొందరపెడతాడు. తర్వాత బాధపడేది ఆ తొందరకే. మధ్యలో ఎవరు మార్చారో, కష్టమే రెక్కలిస్తుందన్న మాట వచ్చి చేరింది.

మీ అబ్బాయి విషయంలో తొందర ఎవరిది? ఫలానా ఏడాదికల్లా సీటు రావాలన్నది ఎవరు పెట్టిన గడువు? ఇది నిష్ఠూరానికి అడగడం లేదు. మన ఊళ్ళన్నిటా ఇంటర్ పిల్లలున్న ఇళ్ళల్లో ఇదే నడుస్తోంది. వాడికి పరీక్ష కంటే ముందు పట్టుకుని వేలాడటానికి ఒక చెయ్యి కావాలి. అది మీ దగ్గర ఉంది. వాళ్ళమ్మని కూడా వెంట తీసుకెళ్ళండి.

ప్రశ్న: మునగచెట్టు మొదట్లో బొచ్చు పురుగులు గుంపుగా ఉన్నాయి. మా పాపకి తగిలి ఒళ్ళంతా దద్దుర్లు. ఇవీ సీతాకోకచిలుకలే అవుతాయా? కాల్చేస్తే పాపమా?
— నరసరావుపేట పాఠకుడు

జవాబు: అవి రాత్రిపూట తిరిగే ఒక రకం రెక్కపురుగులు అవుతాయి, సీతాకోకచిలుకలు కావు. వెంట్రుక గుచ్చుకున్నచోట రుద్దకండి. సెలోటేపు అంటించి లాగితే ముళ్ళు ఊడి వస్తాయి, ఆ తర్వాత సబ్బునీళ్ళతో కడగండి. కంట్లో పడినా, ఊపిరి ఆడకపోయినా ఇంటివైద్యం వద్దు, వెంటనే ఆసుపత్రికి. పగలు మొదట్లో గుంపుగా ఉన్నప్పుడే చేతికి తొడుగు, ముఖానికి గుడ్డ కట్టుకుని సబ్బునీళ్ళ బక్కెట్లోకి దులిపేయండి. పసిపిల్ల తిరిగే పెరట్లో ఇందుకు పాపభీతి అక్కర్లేదు. కాగడాతో కాల్చడం మాత్రం మానండి, వెంట్రుకలు గాలికి లేస్తాయి, చెట్టు బెరడూ పోతుంది.

ప్రశ్న: తెలుగు పండితుడిగా రిటైరైనవాణ్ణి. భ్రమరకీటక న్యాయం ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను. భ్రమరం పురుగుని తెచ్చి గూట్లో పెట్టి ఝంకారం చేస్తుంటే, భయంతో దాన్నే తలచుకుంటూ పురుగు కూడా భ్రమరమై పోతుందని. మా మనవడు అదంతా అబద్ధం తాతయ్యా అంటున్నాడు. పైగా కోశంలో గొంగళిపురుగు పూర్తిగా కరిగి నీరైపోతుందట. అలా అయితే సీతాకోకచిలుకకీ పురుగుకీ సంబంధమేముంది?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, మొదటి విషయంలో మనవడిదే గెలుపు. కిటికీ చెక్కకీ, కరెంటు మీటరు పెట్టెకీ మట్టితో చిన్న కుండల్లాంటి గూళ్ళు కట్టే కందిరీగ జాతి ఒకటుంది. గొంగళిపురుగుని కుట్టి కదలకుండా చేసి, గూట్లో కుక్కి, గుడ్డు పెట్టి మూత వేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగునే తిని పెరిగి, కొన్నాళ్ళకి మూత పగలగొట్టుకుని ఎగిరిపోతుంది. లోపలికి పురుగు వెళ్ళడం చూశారు, బయటికి కందిరీగ రావడం చూశారు. మధ్యలో జరిగింది కనబడలేదు. అంత ఓపికగా గూటి ముందు కూచుని చూసిన ఆ పెద్దలంటే నాకు గౌరవమే. ఏకాగ్రతకి పోలికగా ఆ న్యాయాన్ని మీరు నిశ్చింతగా చెప్పుకోవచ్చు. ప్రకృతిలో జరిగే సంగతిగా మాత్రం వద్దు.

రెండో విషయంలో మనవడు సగమే విన్నాడు. కోశంలో కండరాలు చాలావరకు కరుగుతాయి, పేగు కొత్తగా తయారవుతుంది. అయినా అంతా నీరైపోదు. 2013లో ఇంగ్లండులో శాస్త్రవేత్తలు బతికున్న కోశాన్ని కొయ్యకుండా పదే పదే ఎక్స్‌రే స్కాను తీశారు. గాలి గొట్టాలు మొదటి నుంచీ స్పష్టంగా ఉన్నాయి, పోను పోను పెద్దవయ్యాయి. అసలు రెక్కల మొగ్గలు గొంగళిపురుగు ఆకు మేస్తున్నప్పుడే చర్మం కింద ఉంటాయి. 17వ శతాబ్దంలోనే డచ్చి శాస్త్రవేత్త యాన్ స్వామ్మర్‌డామ్ పురుగుని కోసి వాటిని చూపించాడు. అంతకుముందు ఐరోపాలో పురుగు చచ్చి వేరే ప్రాణి పుడుతుందనుకునేవారు. జువెనైల్ హార్మోన్ అని ఒకటుంది, అది ఒంట్లో దండిగా ఉన్నంతకాలం కుబుసం విడిచినా మళ్ళీ పురుగే. తగ్గినప్పుడు కోశం. అది ఎప్పుడు తగ్గాలన్నది చాలావరకు ఎంత తిన్నది, ఎంత పెరిగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. బయటినుంచి ఎవరూ ఝంకారం చెయ్యనక్కర్లేదు.

మనవడికి ఇంకోటి చెప్పండి. కుబుసం విడిపించే హార్మోన్‌ని 1954లో జర్మనీలో బుటేనాండ్ట్, కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్తలు వేరుచేశారు. 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి దొరికింది 25 మిల్లీగ్రాములు.

ప్రశ్న: మావారు పోయి మూడేళ్ళు. ఆయన ఎరువుల దుకాణం ఇప్పుడు నేనే నడుపుతున్నాను. స్కూటీ నేర్చుకున్నాను, బాకీలు గట్టిగా అడిగి వసూలు చేస్తున్నాను. ఆడపడుచులు "వదినా, నువ్వు మునుపటి మనిషివి కావు" అంటున్నారు. అదేమంత మెచ్చుకోలు కాదు. అద్దంలో చూసుకుంటే నాకూ అలాగే అనిపిస్తోంది. ఆయన ఎరిగిన మనిషిని నేను పోగొట్టేసుకున్నానా మేడమ్?
— ఖమ్మం నుంచి ఒక సోదరి

జవాబు: లేదు చెల్లీ. మీకొక ప్రయోగం గురించి చెబుతాను, మీ ఉత్తరం చదవగానే అదే గుర్తొచ్చింది. 2008లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వాళ్ళు పొగాకు ఆకు తినే గొంగళిపురుగులకి ఒక వాసన చూపించి, వెంటనే చిన్న కరెంటు షాకు ఇచ్చారు. కొన్నాళ్ళకి అవి ఆ వాసనకి దూరంగా జరగడం నేర్చుకున్నాయి. తర్వాత కోశంలోకి వెళ్ళాయి, రెక్కలతో బయటికి వచ్చాయి. కాళ్ళు వేరు, కళ్ళు వేరు, తిండి వేరు. అయినా చాలా పురుగులు ఆ వాసన తగిలితే తప్పుకున్నాయి. ఇంకో విశేషం, మరీ చిన్న వయసులో నేర్చినవి మరిచిపోయాయి, చివరి విడతలో నేర్చినవే గుర్తుపెట్టుకున్నాయి.

పురుగుకి జరిగిందే మనిషికీ జరుగుతుందని నేను అనను. మీ దుఃఖాన్ని ప్రయోగశాలతో కొలవడం అన్యాయం. కానీ ఇంత మారిపోయాక పాతది మిగలదన్న భయం ఉంది చూశారూ, దానికి ప్రకృతిలో ఆధారం లేదని మాత్రం గట్టిగా చెప్పగలను. ఆయన పోయాక స్కూటీ నేర్చుకున్నారు. ఏ రైతుకి అప్పివ్వచ్చో, ఎవరికి ఇంకో నెల గడువివ్వాలో అది ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఇరవై ముప్పై ఏళ్ళు ఆయన పక్కన ఉండి చూసిందేగా. గట్టిగా అడగడం ఆడపడుచులకి కొత్తగా ఉండవచ్చు. వాళ్ళూ అన్నగారిని పోగొట్టుకున్నారు, ఆ ఇంట్లో ఇంకేదీ మారకుండా ఉంటే బాగుండునని ఆశ. ఆ మాట అన్నప్పుడు వాదించకండి, ఒకపూట దుకాణానికి రమ్మని కుర్చీ వెయ్యండి. ఎరువుల సీజన్‌లో కౌంటరు దగ్గర ఇంకో మనిషి ఉంటే మీకూ సాయమే.

ప్రశ్న: మార్గశిరంలో నా పెళ్ళి. పట్టుచీర కోసం పురుగుల్ని చంపుతారని తెలిసిన దగ్గర్నుంచి మనసొప్పడం లేదు. అమ్మేమో ముహూర్తానికి పట్టే కట్టాలంటోంది.
— పెళ్ళికూతురు, హైదరాబాద్

జవాబు: నిజమే, చంపుతారు. చంద్రికలనే తట్టల మీద పురుగు గూడు అల్లుకున్నాక, రెక్కపురుగు బయటికి వస్తే దారం తెగుతుంది కాబట్టి ముందే వేడికి పెడతారు. మీ హైదరాబాద్‌కే చెందిన కుసుమ రాజయ్యగారు, చేనేత రంగంలో పనిచేసినవారు, పురుగు ఎగిరి వెళ్ళాక మిగిలిన గూళ్ళతో అహింసా పట్టు తయారుచేశారు. దాని దారం వడికినట్టుగా ఉంటుంది, మెరుపు కాస్త తక్కువ, ధర ఎక్కువ. కొనగలిగితే కొనండి. అయితే ఆ రెక్కపురుగు వేల ఏళ్ళుగా మనిషి చేతిలో పెరిగి ఎగరడం మరిచిపోయింది, నోరు పనిచెయ్యదు, కొన్నాళ్ళే బతుకుతుంది. అదీ తెలుసుకుని నిర్ణయించుకోండి. హిందూపురం, మదనపల్లె వైపు మల్బరీ రైతులు ఈ గూళ్ళ మీదే పిల్లల్ని చదివిస్తున్నారు, వాళ్ళని మాత్రం ఒక్క మాట అనవద్దు. అమ్మగారి మాటా నిలబడే దారి ఒకటుంది. ఆవిడ పెళ్ళినాటి పట్టుచీర బీరువాలో ఉండే ఉంటుంది, అడిగి చూడండి.