నల్లనిదంతా గ్రాఫీన్ కాదు

మాధవీ,

గ్రాఫైట్ నుంచి విద్యుత్ రసాయన పద్ధతిలో గ్రాఫీన్ తీయడాన్ని ప్రాజెక్టుగా ఎంచుకున్నావని విన్నాను. మంచి పని. ముందే ఒక మాట చెప్తాను: ఈ పద్ధతిలో పొడి రాబట్టడం సులువు, వచ్చిన పొడి ఏమిటో తేల్చడమే కష్టం. నీ సమయంలో పెద్ద భాగం ఆ తేల్చడానికే పెట్టుకో.

చిక్కంతా పొరలు విడిపోయే తీరులోనే ఉంది. అమ్మోనియం సల్ఫేట్ ద్రావణంలో గ్రాఫైట్ రేకును ఆనోడ్‌గా ఉంచి 10 వోల్టుల దాకా ఇస్తే, నీటి నుంచి పుట్టే హైడ్రాక్సిల్, ఆక్సిజన్ రాడికల్స్ ముందు అంచుల్ని తొలుస్తాయి. ఆ సందుల్లోంచి సల్ఫేట్ అయాన్లు నీటిని వెంటబెట్టుకుని పొరల నడుమ చేరతాయి. అక్కడ పుట్టే వాయువుల ఒత్తిడికి పొరలు విడివడతాయి. అయితే దారి చేసిన ఆ రాడికల్సే పొరలకు ఆక్సిజన్‌ను తగిలించి లోపాలు మిగులుస్తాయి. అయాన్లు సరిగా చేరని చోట గ్రాఫైట్ పొరలుగా విడకుండానే ముక్కలై రాలుతుంది. బీకరులో రెండూ నల్లగానే ఉంటాయి. 2018లో 60 సంస్థల ఉత్పత్తులను పరీక్షించిన ఒక అధ్యయనంలో, ఎక్కువ నమూనాల్లో గ్రాఫీన్ 10 శాతం కూడా లేదని తేలింది. అవన్నీ ఈ పద్ధతిలో చేసినవి కాకపోయినా హెచ్చరిక నీకూ వర్తిస్తుంది.

ఈ పొడితో చేసే వాహక సిరాకు కొన్ని పొరలున్నా సరిపోతుంది, ఇంత పట్టింపు దేనికని అడగొచ్చు. సరిపోయే మాట నిజమే. 10 పొరల దాకా గ్రాఫీన్ కిందే లెక్కిస్తున్నారు. కానీ ఈసారి పనిచేసిన సిరా మరోసారి పనిచేయకపోతే, ఏది మారిందో కొలతలు లేకుండా ఎలా చెప్తావు? లోపాలు వద్దనుకుంటే వేరే పద్ధతి పట్టవచ్చు కదా అనీ అంటారు. 1958 నాటి హమ్మర్స్ పద్ధతిలో వచ్చేది గ్రాఫీన్ ఆక్సైడ్. దాన్ని క్షయకరణం చేస్తే తప్ప విద్యుత్తు సరిగా పారదు. కాథోడ్ వైపు చేస్తే ఆక్సీకరణ తగ్గుతుంది గానీ, సాధారణంగా సేంద్రియ ద్రావకాలు కావాలి. ఆనోడ్ పద్ధతి వీటికి మధ్యస్థం. దాని విలువ నువ్వు ఎంత జాగ్రత్తగా కొలుస్తావన్న దానిమీదే ఉంది.

కాబట్టి ఒక్కసారికి ఒక్క అంశమే మార్చు. సెంట్రిఫ్యూజ్‌లో అడుగున దిగిన మందపు ముక్కల్ని పారబోయకు, తూచి రాసుకో. దిగుబడి లెక్కలో అవీ ఉండాలి. రామన్ వర్ణపటంలో 1350, 1580 సెం.మీ.⁻¹ దగ్గరి శిఖరాల నిష్పత్తి లోపాల సంగతి చెబుతుంది. అందమైన ఒక్క రేణువును ఏరుకోకుండా చాలావాటిని చూడు. దిగుబడి తక్కువ వచ్చినా, మరొకరు చేసి చూసినప్పుడు నిలబడే అంకెనే థీసిస్‌లో రాయి.

నీ మామయ్య